రోడ్డు మీది రాజీ: భయంతో కాదు, లెక్కతో, కాగితంతో

యూనియన్ కార్యాలయానికి వచ్చే సోదర ఉద్యోగులు సాధారణంగా బదిలీ గురించో, ఇంక్రిమెంటు నిలుపుదల గురించో, ఛార్జిషీటు గురించో మాట్లాడటానికి వస్తారు. ఇటీవలి కాలంలో మరొక రకమైన ఇబ్బందితో వచ్చేవారు కూడా పెరిగారు. రోడ్డు మీద చిన్న ప్రమాదం జరిగింది, ఎవరికీ దెబ్బ తగలలేదు, ఒక బండికి గీత పడింది లేక సొట్ట పడింది, అక్కడికక్కడే "మాట్లాడుకున్నారు", డబ్బు చేతులు మారింది, ఆ తరువాత అసలు కష్టం మొదలయింది. ఇది యూనియన్ పట్టించుకోవలసిన విషయమా అని కొందరు అడుగవచ్చు. ఒక నెల జీతంలో మూడవ వంతు ఒక్క గంటలో నడిరోడ్డు మీద పోతున్నప్పుడు, అది కూడా ఉద్యోగం పోతుందనే బెదిరింపు మీద పోతున్నప్పుడు, అది తప్పక యూనియన్ పట్టించుకోవలసిన విషయమే అని మా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాము. బట్వాడా ముగించుకొని మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్న ఒక పోస్టుమాన్ సోదరుని బండి సిగ్నలు వద్ద ముందున్న కారు వెనుక తలుపుకు తగిలింది. తలుపు మీద జానెడు గీత, చిన్న సొట్ట. కారు యజమాని దిగి 15,000 రూపాయలు అడిగాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా చూసి, "గవర్నమెంటు ఉద్యోగివి కదా, కేసు పెడితే సస్పెండ్ అవుతావు, ఆలోచించుకో" అన్నాడు. చుట్టూ జనం చేరారు. తప్పు ఎవరిదని ఎవరూ అడుగలేదు. మన సోదరుడు ఫోను ద్వారా 4,000 అక్కడే పంపి, మిగిలినది వారం రోజులలో ఇస్తానని మాట ఇచ్చాడు. క్రెడిట్ సొసైటీలో అప్పు తీసుకొని 6,000 ఇచ్చాడు. కాగితం లేదు, రసీదు లేదు. నెల తిరిగాక, బిల్లు ఇంకా ఎక్కువయిందని కారు యజమాని మరల ఫోను చేశాడు. అప్పుడు గాని ఆ సోదరుడు మా వద్దకు రాలేదు.

మేము విచారించగా రెండు విషయాలు బయటపడినవి. మొదటిది, ఆ కారు యజమాని తన సొంత బీమా కంపెనీ నుండి కూడా ఆ తలుపు మరమ్మతుకు క్లెయిమ్ పొందాడు. రెండవది, మన సోదరుని మోటారు సైకిలుకు చెల్లుబాటు అయ్యే బీమా ఉన్నది. పాలసీ కాగితం సీటు కింది పెట్టెలోనే ఉన్నది. దానిని ఆయన బయటకు తీయనే లేదు.

ఈ సంఘటన నుండి "ఎప్పుడూ సొంతంగా రాజీపడవద్దు, ప్రతిదీ బీమాకే వదలండి" అనే పాఠం తీయటం సులభం. ఐతే అది సరైన పాఠం కాదు. స్వల్ప నష్టాలను ఉభయులూ కూర్చొని పరిష్కరించుకోవటంలో తప్పు లేదు. అనేక సందర్భాలలో అదే లాభసాటి, అదే న్యాయం కూడా. భయపడి, లెక్క చూడకుండా, కాగితం లేకుండా చేసుకొనేది మాత్రం రాజీ కాదు, లొంగుబాటు. ఈ రెంటికీ గల తేడాను చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

భయం సంగతి

ముందుగా భయం సంగతి తేల్చుకుందాము. పోలీసు కేసు నమోదైనంత మాత్రాన ప్రభుత్వోద్యోగం పోదు. తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళి 10వ నియమం గాని, రైల్వే ఉద్యోగులకు వర్తించే 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళి 5వ నియమం గాని చూడండి. ఉద్యోగి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉన్న పక్షంలో సస్పెండ్ అయినట్లు భావించబడుతుంది. అజాగ్రత్తగా వాహనం నడిపిన నేరం పాత శిక్షాస్మృతిలో 279వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను. ఇది బెయిలుకు అర్హమైన నేరం. కారు తలుపు మీద గీత పడినందుకు 48 గంటల నిర్బంధం ఎక్కడి నుండి వస్తుంది? అరెస్టు జరిగితే పై అధికారికి తెలియజేయవలసిన బాధ్యత ఉన్నది, నిజమే. శిక్ష పడితే శాఖ దానిని పరిశీలించవచ్చు, అదీ నిజమే. కాని రోడ్డు మీద నిలబడి ఎవరో "సస్పెండ్ అవుతావు" అన్నంత మాత్రాన, కేసు పెట్టగానే సస్పెన్షన్ దానంతట అదే వచ్చిపడదు.

గ్రామీణ డాక్ సేవక్ సోదరుల భయం మరింత ఎక్కువ. వారికి సస్పెన్షన్ బదులు "పుట్ ఆఫ్ డ్యూటీ" అనే కత్తి తల మీద వేలాడుతూ ఉంటుంది. వారి ఆదాయమూ తక్కువ. అందువలననే వారు ఇంకా త్వరగా లొంగుతారు, ఇంకా ఎక్కువ చెల్లిస్తారు. ఏ బీటులోనైనా ఇట్టి బెదిరింపు ఎదురైన యెడల, డబ్బు ఇవ్వక ముందే డివిజను కార్యదర్శికి ఒక్క ఫోను చేయవలసిందిగా కోరుతున్నాము.

లెక్క సంగతి

ఇక లెక్క చూద్దాము. బీమా పాలసీలో రెండు భాగాలుంటవి. మన బండి వలన ఇతరులకు కలిగిన నష్టానికి బాధ్యత వహించేది థర్డ్ పార్టీ భాగం. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది విధిగా ఉండవలసినదే. మన సొంత బండికి జరిగిన నష్టాన్ని భరించేది ఓన్ డ్యామేజ్ భాగం. ఇది ఐచ్ఛికం. ఈ రెంటినీ కలగాపులగం చేయటం వలననే సగం పొరపాట్లు జరుగుతున్నవి.

సొంత బండి నష్టం తీసుకుందాము. రైల్వే కాలనీలో ఒక గార్డు సోదరుడు తన చిన్న కారును వెనకకు తీస్తూ గోడకు తగిలించాడనుకోండి. నాలుగేండ్లుగా ఆయన ఏ క్లెయిమూ చేయలేదు. అందువలన ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 45 శాతం తగ్గింపు అనుభవిస్తున్నాడు. ఈ ఏడు కూడా క్లెయిమ్ లేకుండా గడిస్తే అది 50 శాతం అవుతుంది. దీనినే నో క్లెయిమ్ బోనస్ అంటారు. తగ్గింపు లేకుండా ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000 రూపాయలనుకుందాము.

మరమ్మతు బిల్లు 5,000: ప్లాస్టిక్ బంపర్ 2,500, పెయింటు పని 2,000, బిగింపు కూలి 500. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం తరుగుదల కోస్తారు గనుక బంపరుకు వచ్చేది 1,250. పెయింటు పనిలో నాలుగవ వంతు సామాగ్రి ఖర్చుగా లెక్కించి, అందులో సగం కోస్తారు గనుక 1,750 వస్తుంది. కూలి 500 పూర్తిగా వస్తుంది. మొత్తం 3,500. ఇందులో 1,500 సి.సి. వరకు గల కారుకు యజమాని విధిగా భరించవలసిన 1,000 తీసివేస్తే చేతికి వచ్చేది 2,500 మాత్రమే.

పోయేది ఎంత? మరుసటి ఏడు తగ్గింపు సున్నా. 50 శాతం రావలసిన చోట ఏమీ రాదు గనుక 3,000 పోయినవి. ఆ తరువాతి ఏండ్లలో తగ్గింపు వరుసగా 20, 25, 35, 45 శాతంగా మరల మొదటి మెట్టు నుండి ఎక్కవలసి ఉంటుంది. ప్రీమియం మారదనుకుంటే ఆ నాలుగేండ్లలో 1,800, 1,500, 900, 300 పోతవి. అంతా కలిపి 7,500. అంటే 2,500 పొందటానికి 7,500 వదులుకోవటం. పైగా సర్వేయరు కోసం, గ్యారేజీ చుట్టూ తిరగటం కోసం సెలవులు. ఇట్టి చోట జేబు నుండి పెట్టుకోవటమే తెలివి. అదే బిల్లు 40,000 అయిన పక్షంలో లెక్క తలక్రిందులవుతుంది; అప్పుడు క్లెయిమ్ చేయకపోవటమే అవివేకం. తరుగుదల కోయని "జీరో డిప్రిసియేషన్" పాలసీ ఉన్నవారికి చేతికి వచ్చేది పెరుగుతుంది గాని, బోనస్ నష్టం అంతే ఉంటుంది. కాగితం పెన్సిలు తీసుకొని రెండు మొత్తాలనూ పక్కపక్కన వ్రాసి చూచుకొన్న తరువాతే నిర్ణయించండి.

ఈ బోనస్ గురించి మరొక మాట. అది బండికి చెందినది కాదు, మనిషికి చెందినది. కారు అమ్మి మరొకటి కొన్నా వెంట వస్తుంది. ఐతే పాలసీ గడువు తీరి 90 రోజులు దాటితే పోతుంది. ఏండ్ల తరబడి కూడబెట్టుకొన్న ఇంక్రిమెంట్లను ఒక్క మరపు వలన పోగొట్టుకోవద్దు.

ఎదుటివారి నష్టం

ఇక మన బండి వలన ఎదుటివారికి నష్టం జరిగినప్పటి సంగతి. మన థర్డ్ పార్టీ పాలసీ ద్విచక్ర వాహనం విషయంలో 1,00,000 రూపాయల వరకు, కారు విషయంలో 7,50,000 వరకు ఎదుటివారి ఆస్తి నష్టానికి బాధ్యత వహిస్తుంది. కొద్దిపాటి ప్రీమియం తగ్గింపు కోసం ఈ బాధ్యతను 6,000కు పరిమితం చేసుకొన్న పాలసీలు కూడా ఉన్నవి. మీ పాలసీ ఏదో ఈ రోజే తీసి చూడండి. థర్డ్ పార్టీ భాగం కింద బీమా చెల్లిస్తే మన ఓన్ డ్యామేజ్ బోనస్ పోదు.

ఐతే ఇందులో ఒక చిక్కు ఉన్నది. థర్డ్ పార్టీ సొమ్ము కావలసినవారు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. రెండు వేల రూపాయల అద్దం కోసం, మూడు వేల సొట్ట కోసం ఎవరు ట్రిబ్యునల్ మెట్లెక్కుతారు? ఈ చిక్కు వలననే రోడ్డు మీది బేరాలు పుట్టుకొస్తున్నవి. ఈ సందర్భంలో మన వారికి కూడా ఒక మాట నిక్కచ్చిగా చెప్పదలచుకొన్నాము. మన పొరపాటు వలన ఒక ఆటో కార్మికుని బండి దెబ్బ తిన్నదనుకోండి. "నాకు బీమా ఉన్నది, ట్రిబ్యునలుకు పో" అనటం చట్టరీత్యా చెల్లవచ్చు గాని న్యాయం కాదు. ఆటో గ్యారేజీలో ఉన్న రెండు రోజులూ ఆయన ఇంట పొయ్యి వెలగదు. ఆయనా మన వంటి శ్రామికుడే. అట్టి చోట మరమ్మతు బిల్లు, పోయిన రోజుల రాబడి లెక్కగట్టి వెంటనే చెల్లించటమే కార్మిక ధర్మం.

దీనికి భిన్నంగా, సొంత పాలసీ ఉండి క్లెయిమ్ చేసుకోగల స్థోమత గల కారు యజమాని ఎదుట ఉన్నప్పుడు ఆయనకు జరిగే నిజమైన నష్టమేమిటో అడగండి. ఆయన బీమాకు పోతే, తాను భరించవలసిన భాగం, తరుగుదల కోత, పోయిన బోనస్: ఇదే ఆయన నష్టం. బీమాకు పోకపోతే మరమ్మతు బిల్లు ఆయన నష్టం. ఈ రెంటిలో ఏదో ఒకటి అడగవచ్చు గాని రెండూ అడగటానికి వీలు లేదు. బీమా అనేది జరిగిన నష్టాన్ని పూడ్చటానికే గాని లాభం చేసుకోవటానికి కాదు. పై పోస్టుమాన్ సోదరుని విషయంలో జరిగినది ఇదే: ఒక్క తలుపుకు రెండు చోట్ల సొమ్ము.

మనిషికి దెబ్బ తగిలితే

ఇంతవరకు మేము చెప్పినదంతా ఇనుముకు, ప్లాస్టిక్కుకు, పెయింటుకు వర్తించేది. మనిషి ఒంటికి దెబ్బ తగిలిన మరుక్షణం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టవలసిందే. తలకు తగిలిన దెబ్బ రోడ్డు మీద కనిపించక, రాత్రికి ప్రాణం మీదికి తేవచ్చు. మొదట ఆసుపత్రి, తరువాతే ఏదైనా. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం క్షతగాత్రునికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు, బీమా కంపెనీకి సమాచారం ఇవ్వటం డ్రైవరు విధి. 2025 మే నెలలో ప్రకటించబడిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల వరకు చికిత్స లభించవలసి ఉన్నది.

మనవారే బాధితులయినప్పుడు ఈ మాట మరీ ముఖ్యం. సైకిలు మీద బట్వాడాకు పోతున్న తపాలా ఉద్యోగిని కారు తోసివేస్తుంది. కారులోనివారు 2,000 చేతిలో పెట్టి, "మందు రాయించుకో బాబూ" అని ఒక కాగితం మీద సంతకం తీసుకొని పోతారు. నెల తరువాత మోకాలు వంగదు. సైకిలు మీద ఉన్నవాడు, కాలినడకన పట్టాల వద్దకు డ్యూటీకి పోతున్న ట్రాక్‌మన్, చట్టం దృష్టిలో థర్డ్ పార్టీలే. వారి నష్టానికి ఆ కారు బీమా బాధ్యత వహించవలసిందే. తీవ్ర గాయానికి తప్పెవరిదనే విచారణ లేకుండానే 2,50,000, మరణానికి 5,00,000 చెల్లించాలని 2019 సవరణ చట్టం తెచ్చిన 164వ సెక్షను చెబుతున్నది. అదే సవరణ చట్టం ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవటానికి ప్రమాదం జరిగిన నాటి నుండి ఆరు నెలల గడువు విధించింది. కనుక దెబ్బ తగిలినవారు ఆలస్యం చేయరాదు, రోడ్డు మీద ఏ కాగితం మీదా సంతకం చేయరాదు.

కాగితం సంగతి

మన ఉద్యమ అనుభవం ఇక్కడ మనకు పనికి వస్తుంది. రైల్వేలలో 1952 నుండి పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ నడుస్తున్నది. బల్లకు అటువైపు కూర్చున్న అధికారి నోటితో ఇచ్చిన హామీకి ఎంత విలువ ఉంటుందో మన నాయకులలో ఎరుగనివారు లేరు. మినిట్స్‌లో ఎక్కని హామీ హామీ కాదు. మేనేజిమెంటు వద్ద ఒక్క వాక్యం కోసం అర్ధరాత్రి వరకు పోట్లాడే మనం, రోడ్డు మీద వేల రూపాయలు నోటి మాట మీద ఎలా ఇచ్చివేస్తున్నాము?

కనుక రాజీ చేసుకోదలచినవారు ఈ క్రింది నియమాలు పాటించవలసిందిగా కోరుతున్నాము.

1. అక్కడికక్కడే మొత్తం ఒప్పుకోవద్దు. రెండు బండ్ల నంబర్లు, పాలసీ నంబర్లు, పేర్లు, ఫోను నంబర్లు వ్రాసుకోండి. దెబ్బ తగిలిన చోటును, రెండు బండ్లు నిలిచిన తీరును ఫొటోలు తీయండి.

2. మెకానిక్ వద్ద అంచనా వేయించిన తరువాతే మాట్లాడండి. వీలయినంతవరకు బిల్లు సొమ్ము గ్యారేజీకే నేరుగా చెల్లించండి.

3. సాధారణ మోటారు పాలసీలో ఒక షరతు ఉన్నది: కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు బాధ్యత ఒప్పుకోరాదు, చెల్లింపు వాగ్దానం చేయరాదు. రేపు ఎదుటివారు ట్రిబ్యునలుకు పోతే కంపెనీ ఈ షరతునే చూపుతుంది. కనుక జరిగిన దానిని కంపెనీకి ముందే వ్రాతపూర్వకంగా తెలియజేయండి. సమాచారం ఇవ్వటం వేరు, క్లెయిమ్ చేయటం వేరు.

4. ఒప్పందం కాగితం మీద ఉండాలి. తేదీ, స్థలం, ఏ భాగానికి ఎంత, బండి నష్టానికి సంబంధించి ఇదే తుది చెల్లింపు అని, ఇదే నష్టానికి వేరొక బీమా క్లెయిమ్ చేయలేదని, చేయబోమని వ్రాయండి. "నాదే తప్పు" అని వ్రాయవద్దు. ఉభయుల సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

5. నగదు ఇవ్వవద్దు. బ్యాంకు ద్వారా గాని, ఫోను ద్వారా గాని చెల్లించి ఆధారం దాచండి.

6. లైసెన్సు లేకుండా, మద్యం సేవించి బండి నడిపినవారిని ఈ నియమాలు ఏవీ కాపాడవు. కాపాడాలని మేమూ కోరము.

బీమా లేనివారికి

చివరగా, అసలు బీమాయే లేకుండా బండ్లు నడుపుతున్న సోదరులకు ఒక మాట. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుండి 150 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియం సాలుకు 714 రూపాయలు. పన్ను కాక రోజుకు రెండు రూపాయలు కూడా పడదు. దానిని మిగుల్చుకొన్నవాడు పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేక మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అంతకంటె పెద్ద శిక్ష ఏమంటే, ఒక మనిషికి దెబ్బ తగిలిన నాడు ట్రిబ్యునల్ విధించే పరిహారం మన జీతం నుండి, మన పిల్లల ఇంటి నుండి పోతుంది. బీమా లేనివానికి రోడ్డు మీద బేరమాడే శక్తి కూడా ఉండదు. ఎదుటివాడు అడిగిందల్లా ఇవ్వవలసిందే.

సాధారణ బీమాను ప్రభుత్వం 1973 జనవరి 1న జాతీయం చేసినప్పుడు, ఆ రక్షణ సామాన్యునికి అందాలని శ్రామికోద్యమం ఆశించింది. 2021 సవరణ చట్టం ఆ కంపెనీలలో ప్రభుత్వ వాటా 51 శాతం కంటె తగ్గటానికి కూడా దారి తెరిచింది. ఆ పోరాటం వేరుగా సాగవలసినదే. కాని ఈ లోపల, మనం ప్రీమియం చెల్లించి కొనుక్కొన్న హక్కును వాడుకోకుండా వదలివేయటంలో అర్థం లేదు. న్యాయంగా రావలసిన క్లెయిమును సొంత కంపెనీ నిరాకరిస్తే, మొదట ఆ కంపెనీకే వ్రాతపూర్వక ఫిర్యాదు చేయండి. నెల రోజులలో సంతృప్తికర సమాధానం రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయండి. అందుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఒకటి ఉన్నది. స్వల్ప ఆస్తి నష్టాల థర్డ్ పార్టీ క్లెయిములను ట్రిబ్యునలుతో నిమిత్తం లేకుండా, బిల్లు, ఫొటో, ఉభయుల సంతకాలతో బీమా కంపెనీ కార్యాలయంలోనే పరిష్కరించే ఏర్పాటు చేయాలి. అది జరిగిన నాడు రోడ్డు మీది బెదిరింపులు సగం తగ్గుతవి.

మన శాఖలను కోరేది మరొకటి. సికింద్రాబాదు నుండి ఖరగ్‌పూర్ వరకు, తెలుగు ఉద్యోగులున్న ప్రతి రైల్వే కాలనీలో, ప్రతి హెడ్ పోస్టాఫీసులో, శాఖా కార్యదర్శి వద్ద ఒప్పంద పత్రం నమూనా ఒకటి ఉండాలి. జీతాల రోజున పాలసీ గడువులను గుర్తు చేసే అలవాటు క్రెడిట్ సొసైటీలు చేసుకోవాలి. ఆ పోస్టుమాన్ సోదరుని విషయంలో మేము చేసినదల్లా ఆ కారు యజమానికి ఒక ఉత్తరం వ్రాయటమే: ఇదే నష్టానికి బీమా నుండి ఎంత వచ్చిందో, బిల్లు ఎంతో వ్రాతపూర్వకంగా తెలుపవలసిందని. సమాధానం రాలేదు. మరల ఫోనూ రాలేదు. ఇచ్చిన 10,000 మాత్రం తిరిగి రాలేదు. సొసైటీ వాయిదా ఇంకా ఆయన జీతం నుండి నెలనెలా కోతపడుతూనే ఉన్నది. ఆ ఉత్తరంలోని ప్రశ్న ఆ రోజు సిగ్నలు వద్దనే అడిగి ఉంటే ఆ కోత ఉండేది కాదు.